బైరన్ ఉత్తరం అంటున్నారు, కొనమంటారా? (ఫొటోలు పెట్టాను)

కొత్తకలం | కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదివి వెళ్లిపోయేవాడినే, రాయడం ఇదే మొదలు. చరిత్రలో పేరున్న మనిషి సొంత చేత్తో రాసిన ఉత్తరం ఒక్కటైనా నా దగ్గరుండాలని ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడొకాయన ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్ ఉత్తరం అమ్ముతానంటున్నాడు. వెనిస్, 27 ఏప్రిల్ 1819 అని తేదీ ఉంది. పారిస్‌లో వచ్చే ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకుడికి రాశాడు. 'ద వాంపైర్' అనే కథ నా పేరుతో చెలామణీ అవుతోంది, అది నేను రాసింది కాదు మొర్రో అని గోల. కింద సంతకం.

కాగితం పసుపు దాటి గోధుమరంగుకు వచ్చింది. మడతలున్నాయి. తాతల నాటినుంచి వాళ్లింట్లో ఫ్రేము కట్టి గోడకు ఉందట. సంతకాన్ని నెట్‌లో దొరికిన బైరన్ సంతకాల పక్కన పెట్టి చూశాను, అచ్చు గుద్దినట్టు ఉంది. ధర కూడా ఆశ పుట్టేలా ఉంది. ఇంకెవరో అడుగుతున్నారు, త్వరగా తేల్చమంటున్నాడు. ఏం చేయమంటారు?

తోకచుక్క | సభ్యుడు

"అచ్చు గుద్దినట్టు ఉంది." నా భయమూ అదే తమ్ముడూ.

ఇంకుబుడ్డి | పాత సభ్యుడు

డబ్బు ఇవ్వకండి.

ఈ సరదాలో ఉన్నవాళ్లకు ఆ ఉత్తరం బాగా తెలిసిందే. బైరన్ నిజంగానే ఆ తేదీన ఆ ఉత్తరం రాశాడు. పత్రిక పేరు గాలిన్యానీస్ మెసెంజర్. కథ రాసింది ఆయన దగ్గర వైద్యుడిగా పనిచేసిన పోలిడోరి. 1819 ఏప్రిల్‌లో లండన్ పత్రిక ఒకటి దాన్ని బైరన్ పేరు మీద వేసేసింది, అదీ గొడవ. ఆ గాలిన్యానీ వాళ్లే తర్వాత పారిస్‌లో బైరన్ రచనలు అచ్చేస్తూ, ఈ ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు రాతి అచ్చులోకి (రాతి పలక మీదనుంచి తీసే అచ్చు, లితోగ్రఫీ) ఎక్కించి పుస్తకంలో పెట్టారు. పుస్తకాలు చిరిగాయి, ఆ ఆకులు విడిగా మిగిలాయి, ఎవరో ఫ్రేము కట్టించారు. తరాలు మారేసరికి 'మా ఇంట్లో బైరన్ ఉత్తరం ఉంది' అయింది. అమ్మే ఆయన అబద్ధమాడుతున్నాడని నేననను. వాళ్ల తాత కూడా నమ్మే ఉంటాడు.

ఇక మీరు చూపిన రుజువులు చూద్దాం. కాగితం పాతదన్నారు. పాతదే, ఆ అచ్చు కూడా 19వ శతాబ్దం నాటిదే కదా. సంతకం కలిసిందన్నారు. కలవక ఏం చేస్తుంది, అసలు దాని మీదనుంచి తీసిందే అయితే? నకలు అచ్చులన్నీ సంతకం పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటాయి. అందుకే సంతకాన్ని ఆఖర్న చూడమంటాను. ముందు కాగితం, సిరా, మడత, తేదీ, ఎవరెవరి చేతులు మారి వచ్చిందన్న లెక్క. ఇవన్నీ నిలబడితేనే సంతకం దాకా వెళ్లాలి. కొత్తవాళ్లే కాదు, డబ్బున్న పెద్దవాళ్లు కూడా దీన్ని తలకిందులుగా చేస్తుంటారు.

కొత్తకలం

గురువుగారూ, నీరుగారిపోయాను. అయినా ఒక్క మాట. అచ్చు తీయడానికి అసలుది ఒకటి ఉండాలి కదా. నాకు దొరికింది అదే అయితే? అచ్చో రాతో నేనే తేల్చుకునే దారి ఉందా?

వేలంపాట | పాత సభ్యుడు

ఉంది, ఇంకుబుడ్డి అన్న చెప్తారు. ఈలోగా నాదొక మాట: "ఇంకెవరో అడుగుతున్నారు" అన్న వాక్యం విన్నప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేయండి. రెండు వందల ఏళ్లు ఆగిన కాగితం ఇంకో వారం ఆగగలదు.

ఇంకుబుడ్డి

పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ ఒకటి చాలు. వాలుగా పడే వెలుతురు కావాలి, అంటే దీపం నెత్తిమీద కాదు, పక్కన, దాదాపు బల్ల ఎత్తులో.

1819లో బైరన్ రాసింది పక్షి ఈకతో. ఈక మొన మధ్యలో చీలి ఉంటుంది. కిందికి గీత లాగేటప్పుడు చెయ్యి ఒత్తితే ఆ చీలిక రెండు పాయలుగా విడిపోతుంది, సిరా రెండు అంచుల వెంబడి ఎక్కువ దిగుతుంది. లూప్‌లో చూస్తే మందమైన గీతకు అటూ ఇటూ ముదురు అంచు, మధ్యలో కాస్త లేత. పైకి పోయే గీత సన్నం. సిరాలో ముంచిన చోట మాట నల్లగా మొదలై, నాలుగైదు మాటలు పోయేసరికి పలచబడి, మళ్లీ ముంచగానే నల్లబడుతుంది. పేజీ అంతటా ఈ ముదురు, లేత అలలు కనబడాలి. ఒక గీత మీదుగా ఇంకో గీత పోయిన చోట చుక్క ముదురుగా ఉండాలి. వెనక్కి తిప్పితే ఎక్కువ సిరా పడ్డ అక్షరాలు గోధుమరంగులో పైకి తేలి ఉండాలి.

రాతి అచ్చులో ఇవేవీ ఉండవు. గోడకు సున్నం కొట్టినట్టు గీతంతా ఒకే మందం, ఒకే నలుపు. ముదురు, లేత తేడాను కూడా అచ్చులో చూపాలంటే నల్లటి చుక్కలు, విరిగిన అంచులుగా చూపాల్సిందే. సిరా కాగితం పైన కూర్చుని ఉంటుంది, నారలోకి దిగి ఉండదు. 1790ల చివర్లో సెనెఫెల్డర్ ఈ రాతి అచ్చు కనిపెట్టాడు. కాబట్టి అంతకుముందు తేదీ ఉన్న ఉత్తరాలకు కూడా తర్వాతి కాలపు నకళ్లు ఉండే వీలుంది, పాత తేదీ చూసి ధీమా పడకండి.

అతినీలలోహిత దీపం ఉంటే ఇంకా మంచిది. మాచికాయ, అన్నభేది, తుమ్మజిగురు కలిపి చేసిన ఆనాటి సిరా ఆ వెలుగులో చిక్కటి నలుపుగా కనిపిస్తుంది. పరారుణ కెమెరాలో అయితే కథ తిరగబడుతుంది: ఆ సిరా మసకబారి కనబడకుండా పోతుంది, మసితో చేసిన అచ్చు సిరా మాత్రం నల్లగా నిలబడుతుంది.

నీటిచుక్క వేసి చూడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది పరీక్ష కాదు, హత్య.

తోకచుక్క

బైరన్ ఒక్కడేనా ఇలా? లింకన్ బిక్స్‌బీ ఉత్తరం మాటేంటి? కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న తల్లికి 21 నవంబర్ 1864న రాసింది. అసలు కాగితం ఇంతవరకు బయటపడలేదు గానీ 'అసలు' అని చెప్పే నకళ్లు మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరి అటకమీద దొరుకుతూనే ఉంటాయి. పైగా అది లింకన్ రాశాడా, ఆయన కార్యదర్శి జాన్ హే రాశాడా అన్న తగవు వేరే.

పాతకాగితం | కాగిత సంరక్షణ

కొత్తకలం గారూ, ఇంకుబుడ్డి గారు చెప్పినవి చూడాలంటే ముందు ఫ్రేములోంచి తీయాలి. అక్కడే ఎక్కువ కాగితాలు చస్తాయి. పాత ఫ్రేముల్లో ఉత్తరాన్ని అట్టకు జిగురుతో పూర్తిగా అంటించేవారు. గోరు దూర్చి లాగితే వెనక పొర ఊడి వస్తుంది. అంటుకుని ఉందనిపిస్తే ఆపేసి, పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. గాజుకు అతుక్కున్నా అంతే.

చేతి తొడుగులు వద్దు. సినిమాల్లో తెల్ల తొడుగులు వేసుకుంటారు గానీ, నూలు తొడుగుతో కాగితం అంచు చేతికి తెలియదు, చిరుగులో ఇరుక్కుని లాగేస్తుంది. చేతులు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు. పెద్ద పెద్ద గ్రంథాలయాలు చెప్పేదీ ఇదే. ఫొటోలకు, లోహపు ముద్రలకు తొడుగులు సరే. బల్లమీద పెన్ను ఉండకూడదు, పెన్సిలే. టీ కప్పు ఇంకో గదిలో.

ఆ మాచికాయ సిరా గురించి ఒక మాట కలుపుతాను. రాసేటప్పుడు లేతగా ఉంటుంది, గాలి తగిలి నల్లబడుతుంది, వందేళ్లకు గోధుమరంగుకు తిరుగుతుంది. దాంట్లోనే ఆమ్లం ఉంది, మిగిలిపోయిన ఇనుము ఉంది. రెండూ కలిసి కాగితాన్ని లోపల్నుంచి తింటాయి. మొదట అక్షరం చుట్టూ గోధుమరంగు నీడ, తర్వాత సన్నటి పగుళ్లు, ఆఖరికి 'ఓ' లాంటి అక్షరాల మధ్య ముక్క రాలి పడి జల్లెడవుతుంది. ఇది నష్టమే అయినా, పరీక్ష చేసేవాళ్లకు సాక్ష్యం కూడా. రాతి అచ్చు కాగితాన్ని ఇలా తినదు.

లక్కముద్ర | సభ్యురాలు

సిరా సరే, ఎవరూ మడతల మాట ఎత్తరేం? నాకు సంతకం కంటే మడతే ఇష్టం 😀

కొత్తకలం గారూ, మీ మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. ఉత్తరాన్ని మధ్యకు ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచారు. అది పుస్తకంలో పట్టడానికి మడిచిన మడత. 1819లో కవరు వాడకం చాలా అరుదు. బ్రిటన్‌లో కాగితాలను బట్టి, దూరాన్ని బట్టి టపా రుసుము కట్టాలి, కవరు వేస్తే అది ఇంకో కాగితం కింద లెక్క. అందుకే రాసిన కాగితాన్నే మడిచి, ఒక అంచును ఇంకో అంచులో దోపి, లక్కతో ముద్ర వేసి, బయటికి మిగిలిన ఖాళీ భాగం మీద చిరునామా రాసేవారు. విప్పేటప్పుడు లక్క కింద కాగితం చిరిగి, ఎదురు అంచున ముక్క పోతుంది. అందువల్ల ఆ కాలపు ఉత్తరం చేతికొస్తే నేను ముందు వెతికేది నాలుగు: చిరునామా రాసిన భాగం, టపా ముద్రలు, లక్క మచ్చ, దానికి ఎదురుగా చిరుగు. చిరునామా ఉన్న భాగం బయటి దుమ్ము పట్టి మిగతా కాగితం కంటే మురికిగా ఉండాలి. లోపలి భాగాలూ అంతే మురికిగా ఉంటే తేనీళ్లలో ముంచి పాతబరిచారేమో అని అడగాలి.

కవర్లు ఇంటింటికీ వచ్చింది 1840 తర్వాత. ఆ ఏడాది మే 6న పెన్నీ బ్లాక్ తపాలా బిళ్ల చెల్లుబాటులోకి వచ్చింది, బ్రిటన్‌లో రుసుము బరువును బట్టి మారింది, కవరుకు శిక్ష పోయింది.

మడతలు ఎంత దూరం పోయాయో చెప్తే నమ్మరు. స్కాట్లండ్ రాణి మేరీ 8 ఫిబ్రవరి 1587 తెల్లవారుజామున, శిరచ్ఛేదానికి కొన్ని గంటల ముందు, ఫ్రాన్సు రాజుకు ఉత్తరం రాసింది. అదే కాగితం అంచునుంచి సన్నటి పట్టీ కోసి, మడిచిన ఉత్తరం గుండా సుడిగా కుట్టినట్టు దూర్చి తాళం వేసింది. పట్టీ తెగకుండా ఎవరూ చదవలేరు. ఎమ్.ఐ.టి.లో ఈ మడతల మీదే పనిచేసేవాళ్లున్నారు, లెటర్‌లాకింగ్ అంటారు. హేగ్ నగరంలో బ్రియన్ అనే టపా అధికారి దగ్గర చేరకుండా మిగిలిపోయిన 17వ శతాబ్దపు ఉత్తరాల పెట్టె ఒకటుంది. అందులో 1697 నాటి ముద్ర విప్పని ఉత్తరాన్ని ముట్టకుండానే ఎక్స్‌రేతో స్కాన్ చేసి, కంప్యూటర్‌లో మడతలు విప్పి చదివారు. ఆ వివరాలు 2021లో బయటికొచ్చాయి.

కొత్తకలం

మేడం, మీరు చెప్పాక మళ్లీ చూశాను. చిరునామా భాగం లేదు. లక్క మచ్చా లేదు. ఆకు ఎడమ అంచు మాత్రం కత్తిరించినట్టు తిన్నగా ఉంది.

తోకచుక్క

పుస్తకంలోంచి కోసిన అంచు. రెస్ట్ ఇన్ పీస్.

వేలంపాట

మంచిదే, ఇంకా డబ్బు చేతిలోనే ఉంది కదా. ఇప్పుడు 'తాతల నాటినుంచి మా ఇంట్లో ఉంది' అన్న మాట గురించి చెప్పుకుందాం. నోటి మాటకు విలువ సున్నా. అంగడి రసీదు, పాత వేలం జాబితాలో వర్ణన, ఎవరి సేకరణ ముద్రో, అచ్చయిన ఉత్తరాల సంపుటిలో ప్రస్తావన, ఇలాంటి కాగితపు ఆధారం ఒక్కటైనా ఉండాలి.

అందమైన కథకు పడిపోయినవాళ్లలో చిన్నవాళ్లు లేరు. మిషెల్ షాల్ గొప్ప గణితవేత్త, ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ సభ్యుడు. 1860లలో వ్రాన్-లూకా అనేవాడు ఆయనకు వేలకు వేల ఉత్తరాలు అమ్మాడు, లెక్క తేల్చేసరికి 27,000 దాటాయి. కథేమిటంటే, విప్లవకాలంలో అమెరికాకు బయల్దేరిన ఒక ప్రభువు ఓడ మునిగిందట, ఆ తడిసిన పెట్టెల్లోవట ఈ కాగితాలు. నీటి మరకలకూ కారణం దొరికిపోయింది! న్యూటన్ కంటే ముందే గురుత్వాకర్షణ కనిపెట్టింది మా పాస్కల్ అని షాల్ 1867లో అకాడమీ ముందు ఆ ఉత్తరాలు పెట్టాడు. ఇంతకీ ఆ మూటలో ఇంకా ఎవరి ఉత్తరాలున్నాయో తెలుసా? క్లియోపాత్రా, అలెగ్జాండర్, మగ్దలేనా మరియ. అందరూ ఫ్రెంచిలో, కాగితం మీద! 1870లో వాడికి రెండేళ్ల జైలు పడింది.

తోకచుక్క

క్లియోపాత్రా ఫ్రెంచి 😂 దేశభక్తి ముందు లూప్ పనిచేయదు.

ఇంకుబుడ్డి

నవ్వొస్తుంది గానీ సూత్రం ఒకటే. కొనేవాడు ఏం కోరుకుంటున్నాడో కనిపెట్టి అదే తయారుచేసి ఇస్తారు. 1983లో హిట్లర్ డైరీలు కూడా అంతే. జర్మన్ పత్రిక లక్షల మార్కులు పోసింది. కాగితంలో యుద్ధం తర్వాత వచ్చిన మెరుపు రసాయనం ఉంది, అతినీలలోహిత వెలుగులో తేలిపోయింది. ముందు రాతను రాతతో పోల్చినప్పుడు సరిపోయిందన్నారు. ఎందుకంటే పోల్చడానికి తెచ్చిన నమూనాల్లోనూ, ఆ దొంగ డైరీలు రాసిన కుయావ్ చేతిరాతే ఉంది! రాతను రాతతో పోల్చేముందు పక్కన పెట్టిన నమూనా ఎక్కడిదో అడగండి.

అందరికంటే ప్రమాదకారి మార్క్ హాఫ్‌మన్. పాత పుస్తకాల ఖాళీ ఆకులు తెచ్చుకున్నాడు, సిరా తానే కాచుకున్నాడు, రసాయనాలతో ముసలిదాన్ని చేశాడు. మేధావులంతా సరేనన్నారు. బండారం బయటపడుతుందన్న భయంతో 1985లో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. అప్పుడు సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ సిరా మీద మొసలి చర్మంలా పగుళ్లు, బలవంతంగా ముదిరించిన తుమ్మజిగురు ఎండి పగిలింది. వాడు చేసిన ఎమిలీ డికిన్సన్ పద్యం ఒకటి ఆ తర్వాత కూడా, 1997లో, వేలంలో అమ్ముడుపోయింది. కొన్నది ఆమె సొంత ఊరి గ్రంథాలయం. తర్వాత తెలిసి వెనక్కిచ్చేశారు.

అయితే దొంగ ఉత్తరాల కంటే, నిజమైన ఉత్తరాన్ని తప్పుగా వర్ణించి అమ్మేదే ఎక్కువ. నెపోలియన్‌వి ఎక్కువ భాగం గుమాస్తాలు రాసినవి, ఆయన కింద గీకాడంతే. 1796 ముందు 'బ్యునపార్ట్', తర్వాత 'బొనపార్ట్', చక్రవర్తి అయ్యాక 'నెపోలియన్', పోనుపోను 'నెప్', 'ఎన్.పి.' దాకా కుంచించుకుపోయింది. వాషింగ్టన్ యుద్ధకాలపు ఉత్తరాలు చాలావరకు సహాయకుల చేతిరాత. జాబితాలో 'ఎ.ఎల్.ఎస్.' అంటే మొత్తం సొంత చేత్తో రాసి సంతకం చేసింది. 'ఎల్.ఎస్.' అంటే సంతకం ఒక్కటే ఆయనది. ఒక్క అక్షరం తేడా, ధర పదింతలు మారొచ్చు.

తోకచుక్క

అమెరికా అధ్యక్షుల భూమి పట్టాలు మర్చిపోకండి. జాక్సన్ 1833లో సంతకాలు పెట్టడం మానేసి ఆ పని కార్యదర్శికి అప్పగించాడు. అప్పట్నుంచి పట్టా మీద ఉండేది గుమాస్తా రాసిన అధ్యక్షుడి పేరే. 'లింకన్ సంతకం ఉన్న పట్టా' అని ఇప్పటికీ కళ్లు మూసుకుని అమ్ముతారు. కెన్నెడీ దగ్గరికొస్తే చాలాచోట్ల సంతకం పెట్టింది మనిషి కూడా కాదు, ఆటోపెన్ యంత్రం. రెండు సంతకాలు ఒకదానిమీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తే యంత్రమన్నమాట. మనిషి రెండుసార్లు ఒకేలా పెట్టలేడు.

కొత్తకలం

అంటే బాగా కలవకపోయినా తప్పే, మరీ బాగా కలిసినా తప్పే!

ఇంకుబుడ్డి

సరిగ్గా పట్టుకున్నారు. తేదీ కూడా చూడటం అలవాటు చేసుకోండి. ఇంగ్లండులో 1752 దాకా ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి అప్పటి ఫిబ్రవరి ఉత్తరం మీద '1731/2' అని రెండేళ్లూ ఉంటే అది తప్పు కాదు, నమ్మకం పెంచే సంగతి. ఫ్రాన్సులో 1793 నుంచి 1805 చివరిదాకా విప్లవ క్యాలెండరు. ఆ కాలపు సర్కారీ ఉత్తరం మీద మామూలు తేదీ ఒక్కటే ఉంటే ఎందుకని అడగాలి. రష్యా 1918లో కొత్త క్యాలెండరుకు మారింది. ఇక వస్తువులు: ఉక్కు పాళీ విరివిగా వచ్చింది 1820ల తర్వాత, కర్ర గుజ్జు కాగితం 19వ శతాబ్దం రెండో సగంలో, ఊదారంగు అనిలిన్ సిరా 1856 తర్వాత, బాల్‌పాయింట్ మార్కెట్లోకి వచ్చింది 1940ల్లో. మొదటి ప్రపంచయుద్ధం ఉత్తరం మీద బాల్‌పెన్ సంతకం చూశాను నేను. అమ్మేవాడు మహా గంభీరంగా ఉన్నాడు.

వేలంపాట

పెట్టుబడి అనుకుని దిగేవాళ్లకు ఒక్కటే పేరు చెప్తాను: అరిస్టోఫిల్. ఫ్రాన్సు సంస్థ. చేతిరాతలను వాటాలుగా విడగొట్టి జనానికి అమ్మింది. దాదాపు 18,000 మంది డబ్బు పెట్టారు, మొత్తం సుమారు 85 కోట్ల యూరోలు. 2014లో దర్యాప్తు మొదలైంది, మరుసటేడు కూలిపోయింది. 2017 చివరి నుంచి సరుకును విడతలు విడతలుగా వేలం వేస్తూ వచ్చారు. అంతా ఒక్కసారి మార్కెట్లో పోస్తే ధర పడిపోతుంది కాబట్టి. కొన్న ధర దరిదాపులకు కూడా రానివి ఎన్నో. అందులో ఉన్నవి దొంగవి కావు, గొప్ప గొప్పవి. గొప్పది కొన్నంతమాత్రాన గొప్ప ధర రాదు, అంతే.

పాతకాగితం

నా అభిప్రాయం అడిగితే వీటిని ఇంట్లో పెట్టుకునే ఆలోచనే సగం తప్పు. కోపం తెచ్చుకోకండి. 19వ శతాబ్దపు సేకర్తలు ఉత్తరం చింపి సంతకం ఒక్కటే కత్తిరించి ఆల్బంలో అంటించారు. జారెడ్ స్పార్క్స్ అని, వాషింగ్టన్ కాగితాల సంపాదకుడు, ఆయన మొదటి ప్రమాణస్వీకార ప్రసంగానికి రాసుకుని వాడకుండా వదిలేసిన చిత్తుప్రతిని ముక్కలు కోసి అడిగినవాళ్లకు పంచిపెట్టాడు. ఇప్పటికీ ఆ ముక్కలను ఏరి కలపడానికి తంటాలు పడుతున్నారు. దానికి పెద్ద మనసు అని పేరు! ఉత్తరాలు ఉండాల్సింది చదవాలనుకున్నవాళ్లు చదవగలిగే చోట.

వేలంపాట

మేడం, సేకర్తలు లేకపోతే మీ చోట్లకు వచ్చేవి ఎక్కడివి? రచయిత స్టెఫాన్ ష్వైగ్ చేతిరాతలు ఏరుకోకపోతే మొజార్ట్ సొంత చేత్తో రాసుకున్న తన రచనల జాబితా ఈరోజు బ్రిటిష్ లైబ్రరీలో ఉండేదా? 1986లో ఆయన వారసులే ఇచ్చారు. ఇంగ్లండులో థామస్ ఫిలిప్స్ అనే సేకర్త అరవై వేల చేతిప్రతులు పోగేశాడు. పిచ్చివాడే, ఇల్లు పెట్టెలతో నిండిపోయి నడవటానికి చోటు లేదు. కానీ చింపి జిగురు కాచుకోబోతున్న తోలుప్రతులను ఆయన కొన్నాడు కాబట్టే మిగిలాయి. ఇక గ్రంథాలయాల్లో భద్రం అంటారా, కేంబ్రిడ్జిలో డార్విన్ నోటుపుస్తకాలు రెండు 2001 నుంచి కనబడలేదు. 2022లో ఎవరో గులాబీరంగు సంచిలో పెట్టి గ్రంథాలయంలోనే వదిలి వెళ్లారు.

పాతకాగితం

పోయినవి వెనక్కొచ్చాయని అందరికీ తెలిసింది, ఎందుకంటే పోయాయని వాళ్లు బయటికి చెప్పారు. ఇంట్లో పోయినవాటి లెక్క ఎవరి దగ్గరుంది?

వేలంపాట

సరే, అది ఒప్పుకుంటాను. కానీ ఫిలిప్స్ విషయంలో మీరు జవాబు చెప్పలేదు.

నిర్వాహకుడు

ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరికీ ఇది పాత తగవే. దీనికి వేరే చర్చ తెరిచాను, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ కొత్తకలం గారి సంగతి చూద్దాం.

ఒక్కటి మాత్రం చెప్పి వెళ్తాను. ప్రభుత్వ రికార్డుల్లోంచి బయటపడ్డ కాగితం ఎన్నాళ్లయినా ప్రభుత్వానిదే అనే దేశాలున్నాయి. అమెరికా రాజ్యాంగపు హక్కుల పత్రంలో నార్త్ కరోలినా రాష్ట్రానికి చెందిన ప్రతిని 1865లో ఒక సైనికుడు ఎత్తుకుపోయాడు. 2003లో ఎఫ్.బి.ఐ. కొనేవాళ్ల వేషంలో వెళ్లి పట్టుకుంది. మధ్యలో చేతులు మారినవాళ్లు డబ్బిచ్చే కొన్నారు. కార్యాలయపు ముద్ర, వరుస సంఖ్య, ఫైలు చిల్లు, వీటిలో ఏదున్నా అది ఎలా బయటికొచ్చిందో చెప్పే కాగితపు ఆధారం అడగండి.

కొత్తకలం

ఇవాళ లూప్ తీసుకుని ఆయన ఇంటికి వెళ్లొచ్చాను. ఫ్రేము విప్పనివ్వలేదు గానీ గాజు మీదనుంచే పక్క వెలుతురులో చూశాను. పేజీ మొదటి మాట నుంచి చివరి మాట దాకా నలుపు ఒక్కటే. ఎక్కడా కలం ముంచిన జాడ లేదు. గీత మీద గీత పోయిన చోట కూడా అదే నలుపు. మర్యాదగా వద్దని చెప్పి వచ్చేశాను. సంగతి వివరించాను కూడా. ఆయన ఒప్పుకోలేదు, "మా తాత అబద్ధం చెప్పడు" అన్నాడు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. పేరున్నవాళ్లు నాకు అందేలా లేరు. పేరులేనివాళ్ల ఉత్తరాలు కొంటే అర్థముందా?

లక్కముద్ర

అర్థమా! నా పెట్టెలో ఉన్నవన్నీ అవే. ఎవరూ దొంగవి చేయరు, ఎందుకంటే లాభం లేదు. కాగితం, సిరా, మడత నేర్చుకోవడానికి వాటిని మించిన బడి లేదు. ఒకసారి ఒక పాత ఉత్తరం విప్పుతుంటే మడతలోంచి మెరిసే రవ్వలు చేతిమీద పడ్డాయి. సిరా ఆరడానికి చల్లిన ఇసుక. కొన్ని రేణువులు ఇంకా అక్షరాలకే అతుక్కుని ఉన్నాయి. ఎంత గొప్పవాడి నకలు అచ్చులోనైనా అది దొరకదు.

ఇంకుబుడ్డి

ఆవిడ చెప్పిందే. ఏదో ఒక గీత గీసుకోండి: ఒక వృత్తి, ఒక ప్రయాణం, ఒక దశాబ్దం. ఓడల కెప్టెన్లో, మందుల కొట్ల లెక్కలో. ఓ పాతిక చేరేసరికి ఆ కాలపు చేతిరాత మీకు కంఠతా వస్తుంది. అప్పుడు ఎవరైనా పేరున్న ఉత్తరం చూపిస్తే, మీ కళ్లే ముందు అభ్యంతరం చెప్తాయి.

కొత్తకలం

ఒకటి దొరికింది కూడా! 1830ల నాటిది, ఒకావిడ చెల్లెలికి రాసింది. పేజీ నిండాక కాగితం తిప్పి, రాసినదాని మీదే అడ్డంగా మళ్లీ రాసింది. వలలా ఉంది, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. దీన్ని ఎలా చదవాలి? ఎలా దాచాలి? చదివింది ఇక్కడ పెట్టొచ్చా?

పాతకాగితం

దాచడం: ఆమ్లం లేని కాగితపు ఫోల్డరు, దాన్ని పెట్టె లోపల. ప్లాస్టిక్ కావాలంటే పాలియెస్టర్ మాత్రమే, పి.వి.సి. వద్దు. అదీ రెండు పక్కలా తెరిచి ఉన్నది. మాచికాయ సిరా ఉత్తరాన్ని నాలుగు వైపులా మూసేస్తే ఆమ్లం లోపలే తిరుగుతుంది. లామినేషన్, సెల్లోటేపు పేర్లు కూడా ఎత్తకండి. ప్రదర్శనకు పెడితే వెలుతురు 50 లక్స్ లోపు, అదీ కొన్నాళ్లే. మిగతా కాలం గోడకు మంచి నకలు పెట్టుకోండి. (చూశారా, నకళ్లకూ పని ఉంది.)

వేలంపాట

పెట్టడం సంగతి: కాగితం మీది, మాటలు మీవి కావు. 1741లో కవి అలెగ్జాండర్ పోప్, కర్ల్ అనే పుస్తకాల వ్యాపారి మీద వేసిన కేసులో ఇంగ్లండు కోర్టు అదే తేల్చింది. ఉత్తరం అందుకున్నవాడిది కాగితం, అచ్చువేసే హక్కు రాసినవాడిది. చాలా దేశాల్లో రచయిత పోయి డెబ్బై ఏళ్లు దాటితే ఇబ్బంది లేదు గానీ, బ్రిటన్‌లో ఎప్పుడూ అచ్చుకాని కొన్ని పాత రాతలకు 2039 చివరిదాకా హక్కు నడుస్తుంది. ఆవిడది బ్రిటన్ ఉత్తరమైతే ముందు అది చూసుకోండి. ఫొటో ఒక మూల చూపించి చదవడానికి సాయం అడగడానికి మాకేం అభ్యంతరం లేదు.

లక్కముద్ర

అడ్డగీతల ఉత్తరమా, అదృష్టవంతులు! టపా రుసుము కాగితాల లెక్కన ఉన్న రోజుల్లో రెండో కాగితం ఖర్చు తప్పించుకోవడానికి అలా రాసేవారు.

కళ్లతో ఒకేసారి చదవబోకండి, తల నొప్పెడుతుంది. ముందు ఫొటో తీయండి, రెండు ప్రతులు చేయండి. ఒకటి నిలువుగానే ఉంచండి, రెండోదాన్ని తొంభై డిగ్రీలు తిప్పండి. మొదట తేదీ, సంబోధన ఉన్న వైపు మొదలుపెట్టండి, అదే ముందు రాసింది. పైన తెల్లకాగితానికి సన్నటి కిటికీ కోసి, ఒక్క వరుసే కనబడేలా జరుపుకుంటూ వెళ్లండి. అర్థం కాని మాట దగ్గర ఖాళీ వదిలి ముందుకు సాగండి, అదే అక్షరం ఇంకో చోట తేటగా దొరుకుతుంది. మడతలో, లక్క కింద చిరిగి పోయిన మాటలుంటాయి, వాటిని ఊహించి నింపకండి, చుక్కలు పెట్టండి. తిప్పి రాసిన భాగం సాధారణంగా కొంచెం వాలుగా, తొందరగా ఉంటుంది. చెప్పాల్సిన అసలు కబుర్లు చాలాసార్లు అందులోనే.

చదవగలిగినంత చదివి, ఆగిపోయిన చోట ఫొటో పెట్టండి. నేను చూస్తాను.